ఫారిన్ గుడ్డ, అమ్మమ్మ బొంత

మీ ఇంట్లో బొంత ఉందా? ఉంటే ఒకసారి దాన్ని పరచి జాగ్రత్తగా చూడండి. పైన ఒక చీర, కింద ఒక చీర, మధ్యలో మూడు నాలుగు పాత చీరలో పంచెలో ఉంటాయి. వాటన్నిటినీ కలిపి పట్టి ఉంచుతూ దారపు కుట్లు వరసలు వరసలుగా సాగిపోతాయి. మన అమ్మమ్మలు బొంత కోసం బజారుకు పోయి కొత్త గుడ్డ కొనేవారు కారు. ఎందుకని? డబ్బు ఆదా చేయడానికే అని మీరు అనుకోవచ్చు. అది నిజమే. కాని అందులో మరొక రహస్యం కూడా ఉంది. దాన్ని చివర చెబుతాను. ముందుగా ఒక ఇంట్లో జరిగిన సంగతి వినండి.

హైదరాబాదులో శ్రీనగర్ కాలనీ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక పక్క పంజాగుట్ట, మరో పక్క అమీర్‌పేట. ఈ రెండు చోట్లా పెద్ద పెద్ద బట్టల దుకాణాలున్నాయి. రోడ్డు పక్కన గుడ్డలు కుప్ప పోసి అమ్మేవారూ ఉన్నారు. ఆ కాలనీలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో పాప పుట్టింది. పాపకు బొంత కుట్టాలని అమ్మమ్మ సరదా పడింది. పాత చీరలతో ఎందుకని బాబాయి బజారుకు వెళ్ళి ఎర్రని పువ్వుల గుడ్డ మూడు మీటర్లు తెచ్చాడు. "ఇది ఫారిన్ గుడ్డండీ, ప్యూర్ కాటన్, రంగు గ్యారంటీ" అని అమ్మినాయన చెప్పాడట. ధర కూడా మామూలు గుడ్డకు రెట్టింపు.

అమ్మమ్మ పది రోజులు కూర్చుని బొంత కుట్టింది. పైన ఎర్ర పువ్వుల గుడ్డ, కింద తెల్లని మల్లు గుడ్డ, మధ్యలో మెత్తని పాత చీరలు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మొదటిసారి ఉతకగానే అసలు సంగతి బయటపడింది. బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. తెల్లని అడుగు గుడ్డ మీద గులాబీ రంగు మరకలు పడ్డాయి. ఆరిన తరువాత చూస్తే పై గుడ్డ కుంచించుకుపోయి, బొంత అంతా ముడతలు పడి, అంచులు వంకర తిరిగాయి.

ఇంట్లో తలా ఒక తీర్పు చెప్పారు. "ఇక ఈ జన్మలో ఫారిన్ గుడ్డ కొనను" అన్నాడు బాబాయి. "ఈ కాలపు గుడ్డలన్నీ ఇంతే" అంది అమ్మమ్మ. దుకాణదారును అడిగితే, "ఇంపోర్టెడ్ సరుకండీ, మాకేం తెలుస్తుంది?" అన్నాడు. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి మాత్రం మిగిలిపోయిన గుడ్డ ముక్కలను చేతిలోకి తీసుకుని, "అసలు ఈ గుడ్డలో లోపం ఎక్కడుంది?" అని అడిగాడు.

ఈ నాలుగు మాటల్లోనూ అబ్బాయి మాటే శాస్త్రీయమైనదని నేనంటాను. ఎందుకో చూద్దాం.

దిగుమతి అనేది గుణం కాదు

"దిగుమతి" అన్న మాట గుడ్డ ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. ఎలాంటిదో చెప్పదు. గుడ్డ నాణ్యత నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది పీచు, అంటే పత్తా, పాలియెస్టరా, రెండూ కలిసినవా అన్నది. రెండవది నూలు ఎంత సమంగా వడికారు అన్నది. మూడవది నేత ఎంత దగ్గరగా ఉంది అన్నది. నాలుగవది రంగు వేసిన పద్ధతి. ఈ నాలుగూ సరిగా ఉంటే గుడ్డ పోచంపల్లిలో తయారైనా, జపానులో తయారైనా మంచిదే. సరిగా లేకపోతే ఎక్కడ తయారైనా చెడ్డదే.

ఒక తానులోని గుడ్డ రంగు పోయిందని ఆ దేశపు గుడ్డలన్నీ చెడ్డవనడం, ఒక మామిడిపండు పుల్లగా ఉందని తోటనంతా నరికెయ్యమనడం లాంటిది. "ఫారిన్ కదా, బాగానే ఉంటుంది" అనుకుని రెట్టింపు ధర ఇవ్వడం కూడా అంతే తొందరపాటు. బాబాయి కొనేటప్పుడు చేసిన పొరపాటూ, తరువాత చేసిన పొరపాటూ నిజానికి ఒకటే. రెండుసార్లూ ఆయన గుడ్డను చూడలేదు, దాని పేరునే చూశాడు.

ఒకప్పుడు ఆ దిగుమతి గుడ్డ మనదే

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 17, 18 శతాబ్దాలలో ఐరోపా ఇళ్ళలో పడకల మీద దుప్పట్లకు, బొంతలకు ఎంతో గిరాకీగా వాడిన దిగుమతి గుడ్డ ఎక్కడిదో తెలుసా? అందులో చాలా భాగం మన కోస్తా తీరానిది. మచిలీపట్నం రేవు నుంచి ఓడలకెక్కిన కలంకారీ గుడ్డ అది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టడానికి ఈ గుడ్డలే ముఖ్య కారణం.

ఆ గుడ్డల గొప్పతనం రంగులో ఉంది. ఉతికినా పోని ఎరుపు, నీలం రంగులు నూలు గుడ్డ మీద వేయడం అప్పటి ఐరోపా వారికి చేతకాలేదు. మనవాళ్ళు ముందుగా గుడ్డను కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ ముంచేవారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు అద్దేవారు. తరువాత చిరివేరుతో కలిపి గుడ్డను ఉడికించేవారు. చిరివేరులో అలిజరిన్ అనే ఎర్రని పదార్థం ఉంటుంది. పటికలోని అల్యూమినియం ఒక వైపు నూలును, మరో వైపు అలిజరిన్‌ను పట్టుకుని రెండింటినీ గట్టిగా కలుపుతుంది. అందుకే పటిక అద్దిన చోటనే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట ఉతికితే పోతుంది.

ఈ విద్యను తెలుసుకోవాలని ఐరోపావారు చాలా ప్రయత్నించారు. కేర్దూ అనే ఫ్రెంచి క్రైస్తవ మతాచార్యుడు మన తీరంలో ఉండి, రంగులద్దే పద్ధతిని వివరంగా రాసి 1742లో తన దేశానికి ఉత్తరం పంపాడు. గుడ్డలు కొనే కంపెనీలు కూడా ఊరికే నమ్మి కొనలేదు. ముందుగా మాదిరి ముక్క ఇచ్చి, వచ్చిన గుడ్డను దానితో పోల్చి చూసి, తేడా ఉంటే వెనక్కి తోసేవారు.

మరి ఐరోపాలో ఈ గుడ్డ మీద గొడవ రాలేదా? వచ్చింది. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. గుడ్డ బాగా లేదని మాత్రం కాదు. బాగా ఉండడంవల్ల అక్కడి ఉన్ని, పట్టు నేతవారి బతుకు దెబ్బ తింటున్నదని! దీన్నిబట్టి ఒక సంగతి గ్రహించాలి. స్వదేశీ నేతగాళ్ళ జీవనం గురించిన ప్రశ్న ఒకటి, గుడ్డ నాణ్యత గురించిన ప్రశ్న మరొకటి. రెండూ ముఖ్యమైనవే. కాని రెండింటినీ కలగాపులగం చేయకూడదు. మన చేనేతను ఆదరించాలి. దానికి విదేశీ గుడ్డంతా నాసిరకమని అబద్ధం చెప్పనక్కరలేదు.

రంగు ఎందుకు దిగుతుంది?

1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు తారు నుంచి తీసిన పదార్థంతో ఊదారంగు తయారుచేశాడు. కృత్రిమ రంగుల పరిశ్రమ దానితోనే మొదలైంది. ఇప్పుడు నూలుకు వాడే రంగులు అనేక రకాలు. కొన్ని రంగుల అణువులు నూలు పీచును బలహీనంగా మాత్రమే అంటిపెట్టుకుంటాయి. వీటిని డైరెక్టు రంగులంటారు. ఇవి చవక. ఉతికిన ప్రతిసారీ కొంత కొంత దిగుతుంటాయి. 1956లో బజారులోకి వచ్చిన రియాక్టివ్ రంగులు అలా కాదు. ఇవి పీచులోని సెల్యులోజు అణువుతో రసాయనిక బంధం ఏర్పరచుకుంటాయి. ఇక నీళ్ళకూ సబ్బుకూ తేలికగా లొంగవు.

అయితే రియాక్టివ్ రంగు వేసినంత మాత్రాన సరిపోదు. వేసిన రంగులో కొంత భాగం నూలుతో కలవకుండా, నీటితో కలిసి పనికిరాకుండా పోతుంది. అది పీచుల మధ్య ఊరికే చిక్కుకుని ఉంటుంది. దాన్ని కార్ఖానాలోనే వేడినీళ్ళతో, సబ్బుతో పలుమార్లు కడిగి తీసివేయాలి. నీళ్ళూ ఇంధనమూ మిగుల్చుకోవాలని ఈ కడుగుడును తగ్గిస్తే ఆ పని మన బకెట్లో జరుగుతుంది.

"ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుంది" అని చాలామంది చెబుతారు. ఉప్పు ఉన్నంతసేపు కొన్ని రంగులు నీళ్ళలోకి తక్కువగా దిగే మాట నిజమే. కాని మంచినీళ్ళలో వేయగానే మళ్ళీ దిగుతాయి. ఉప్పు రసాయనిక బంధాన్ని కల్పించలేదు.

గుడ్డ ఎందుకు కుంచించుకుపోతుంది? మగ్గం మీదా, తరువాత యంత్రాల మీదా దారాలను బిగువుగా లాగి ఉంచుతారు. నీటిలో పడగానే పత్తి పీచు ఉబ్బుతుంది, దారం బిగువు సడలి వెనక్కి వస్తుంది. దీన్ని ముందుగానే యంత్రంతో కుదించే పద్ధతి 1930 నుంచీ ఉంది. "శాన్‌ఫరైజ్డ్" అన్న ముద్ర మీ తాతగారి చొక్కా గుడ్డ మీద ఉండేది, ఆయన్ను అడగండి.

మనమే పరీక్షిద్దాం

ఇప్పుడు ఆ అబ్బాయి ఏం చేశాడో చెబుతాను. ఇవి మీరూ చేయవచ్చు.

మొదటిది, దారాల లెక్క. అట్టముక్కలో ఒక అంగుళం పొడవు, ఒక అంగుళం వెడల్పు గల కిటికీ కత్తిరించండి. దాన్ని గుడ్డ మీద పెట్టి, భూతద్దంతో చూస్తూ నిలువు దారాలు, అడ్డ దారాలు లెక్కించండి. బొంతలకు వాడే మంచి నూలు గుడ్డలో సాధారణంగా ఒక్కొక్క వైపు 60 నుంచి 70 దాకా ఉంటాయి. అబ్బాయికి 64, 60 వచ్చాయి. నేత బాగానే ఉందన్నమాట.

రెండవది, గంజి పరీక్ష. గుడ్డ మూల మీద ఒక చుక్క టించర్ అయొడిన్ వేయండి. నీలి నలుపు రంగు వస్తే గంజి ఉన్నట్టే. రాకపోతే గంజి లేదని మాత్రమే అర్థం, వేరే పూత ఉండవచ్చు. గంజి ఎంత ఉందో కూడా లెక్కకట్టవచ్చు. పక్కకు 20 సెం.మీ. చొప్పున చదరపు ముక్క కత్తిరించి తూచండి. దాని వైశాల్యం చదరపు మీటరులో 25వ వంతు. కాబట్టి గ్రాములను 25తో గుణిస్తే చదరపు మీటరు బరువు వస్తుంది. అబ్బాయి ముక్క 6 గ్రాములు తూగింది, అంటే 150 గ్రాముల గుడ్డ. వేడినీళ్ళలో ఉతికి ఆరబెట్టాక అదే ముక్క 5 గ్రాములే ఉంది. ఆ ఒక గ్రాము గంజీ, దిగిపోయిన రంగూ. అంటే బాబాయి గుడ్డ ధర పెట్టి కొన్న బరువులో ఆరవ వంతు గుడ్డే కాదు!

మూడవది, కుదింపు. అదే ముక్కను ఉతికాక కొలవండి. 20 సెం.మీ. ఉన్నది 18.8 సెం.మీ. అయింది. అంటే నూటికి 6 వంతులు. బొంత పొడవు ఒక మీటరైతే పై గుడ్డ 6 సెం.మీ. కుదురుతుంది. లోపలి పాత చీర ఏమీ కుదరదు. ఆ తేడాయే ముడతలు.

నాలుగవది, రంగు పరీక్ష. తెల్లని తడిగుడ్డను వేలికి చుట్టి, రంగు గుడ్డ మీద పదిసార్లు ముందుకూ వెనక్కూ రుద్దండి. ప్రయోగశాలల్లో కూడా ఇదే చేస్తారు. యంత్రం వేలు సుమారు 9 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 900 గ్రాముల బరువుతో పది సార్లు రుద్దుతుంది. తెల్లగుడ్డకు అంటిన రంగును చూసి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 5 వస్తే చాలా మంచిది, 1 వస్తే చాలా చెడ్డది.

ఐదవది, దారం కాల్చి చూడడం. దీన్ని పెద్దవాళ్ళు దగ్గర లేకుండా చేయవద్దు. ఒక్క దారాన్ని పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని కాల్చాలి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి నల్లని గట్టి పూస అవుతుంది. అబ్బాయి గుడ్డ బూడిదే అయింది. "ప్యూర్ కాటన్" అని దుకాణదారు చెప్పింది నిజమే. "రంగు గ్యారంటీ" అన్నది మాత్రం నిజం కాదు.

చూశారా! గుడ్డంతా మోసం కాదు. పీచు మంచిది, నేత మంచిది, గంజి ఎక్కువ, కుదింపు ఎక్కువ, రంగు కడుగుడు చాలలేదు. ఇదీ తీర్పు. "ఫారిన్ గుడ్డ చెడ్డది" అన్న ఒక్క మాటలో ఇంత సమాచారం ఉందా?

ఇంట్లో తేలని విషయం

అయితే మన పరీక్షలకు ఒక హద్దు ఉంది. కొన్ని ఏజో రంగులు విడిపోయి, క్యాన్సరు కలిగించగల అమైన్లనే పదార్థాలను ఇస్తాయి. పసిపిల్లలు బొంత అంచును నోట్లో పెట్టుకుని చీకుతారు కదా. ఈ రంగు ఉందో లేదో కంటికి కనబడదు. బకెట్లోనూ తేలదు. ప్రయోగశాలలోనే తేలాలి. జర్మనీ 1994లో ఇటువంటి రంగులను కట్టడి చేసింది. మన ప్రభుత్వం కూడా 1990లలో ప్రమాదకరమైన ఏజో రంగుల వాడకాన్ని నిషేధించింది. దిగుమతి అయ్యే గుడ్డలోనూ అవి ఉండకూడదనేది నియమం.

నియమం మంచిదే. కాని అమీర్‌పేట దుకాణంలో మూడు మీటర్లు కత్తిరించి ఇస్తే, ఆ నియమం పాటించారో లేదో కొన్నవారికి ఎలా తెలుస్తుంది? తాను మీద చీటీ ఏదైనా ఉంటే అది దుకాణంలోనే ఉండిపోతుంది. కొన్నవారి చేతికి వచ్చేది గుడ్డ, ఒక మాట. బిస్కెట్ పొట్లం మీద అందులో ఏమున్నదీ రాసి ఉండాలని మనం పట్టుబడుతున్నాం. పది రూపాయల బిస్కెట్‌కు ఉన్న మర్యాద వెయ్యి రూపాయల గుడ్డకు ఉండవద్దా?

కాబట్టి నా అభిప్రాయం ఇది. మీటర్ల లెక్కన అమ్మే ప్రతి గుడ్డకూ, అది స్వదేశీ అయినా విదేశీ అయినా, చిన్న చీటీ జతచేసి ఇవ్వాలి. అందులో పీచు ఏమిటి, ఎక్కడ తయారైంది, ఎవరు దిగుమతి చేశారు, ఎంత కుదురుతుంది, రంగుకు ఎన్ని మార్కులు వచ్చాయి, ఎలా ఉతకాలి అన్న ఆరు సంగతులు తెలుగులో ఉండాలి. దీనివల్ల ధర పెరుగుతుందని కొందరు అంటారు. కొంచెం పెరగవచ్చు. కాని పాడైన బొంత ఖరీదు, అమ్మమ్మ పది రోజుల శ్రమ ఖరీదు ఎవరు లెక్క కడతారు? పైగా ఈ చీటీ వల్ల ఎక్కువ లాభపడేది నిజాయితీగా నేసేవారే. నేడు మిల్లు గుడ్డ మీద పోచంపల్లి నమూనా అచ్చువేసి అమ్ముతుంటే అసలు నేతగాడు నష్టపోతున్నాడు. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు వేస్తారు కనుక రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు గుడ్డ వెనక వైపు సాధారణంగా వెలవెలబోతుంది. చేనేత గుర్తింపు కోసం 2006లో చేనేత ముద్ర మొదలైంది కూడా.

దుకాణదారుతో తగవు పడమని నేను చెప్పడం లేదు. చాలాసార్లు ఆయనకూ నిజంగా తెలియదు. కాని పదిమంది కొనేవారు అడిగితే ఆయన తనకు సరుకు పంపినవారిని అడుగుతాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యత గురించి తెలుసుకోవడం మన హక్కు. నష్టం జరిగితే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అవసరమైతే కమిషన్ ఆ సరుకును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. కాని దేనికైనా బిల్లు ఉండాలి. బాబాయి బిల్లు తీసుకోలేదు. అందుకే అబ్బాయి దగ్గర లెక్కలన్నీ ఉన్నా, డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అమ్మమ్మ రహస్యం

మొదట చెప్పిన రహస్యం మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. పాత చీరను వందలసార్లు ఉతికి ఉంటారు. కుదరవలసినదంతా ఎప్పుడో కుదిరింది. దిగవలసిన రంగంతా దిగింది. గంజి పోయి మెత్తబడింది. అంటే బొంతలో చేరే ముందే ఆ చీర అన్ని పరీక్షలూ పాసయింది! అమ్మమ్మ వాటికి పేర్లు పెట్టలేదు, అంతే.

కొత్త గుడ్డతో కుట్టాలనుకుంటే దాన్ని కూడా అమ్మమ్మ చీరలాగే చూడాలి. కత్తిరించే ముందు నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, తరువాత కుట్టాలి. శ్రీనగర్ కాలనీ అమ్మమ్మ ఇప్పుడు రెండో బొంత కుడుతున్నది. ఈసారి గుడ్డ ఏ దేశానిదని ఆమె అడగలేదు. మనవణ్ణి పిలిచి, "ఒరేయ్, ముందు నీ అయొడిన్ చుక్క వెయ్యరా" అంది.

ఈసారి మీ ఇంట్లోవాళ్ళు గుడ్డ కొనడానికి వెళితే మీరూ వెంట వెళ్ళండి. బిల్లు అడగండి. చిన్న ముక్క దాచి పెట్టండి. "ఏ దేశానిది?" అని ఒక్క ప్రశ్నతో ఆగకండి. "దేనితో చేశారు? ఎంత కుదురుతుంది? రంగు ఎలా వేశారు?" అని కూడా అడగండి. సమాధానం రాకపోయినా ఫరవాలేదు, మీ దగ్గర గుడ్డముక్క ఉంది కదా. పరీక్షించి చూడండి.